తోడు లేకుండా ఒక పూట

నా కాళ్ళు భేషుగ్గా ఉన్నాయి. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు మనశ్శాంతి. అమెరికాలో, ఎడిసన్‌లో మా ఇంటి వెనక పార్కులో రోజూ పొద్దున్నే మా వాకింగ్ బ్యాచ్‌తో కలిసి మూడు చుట్లు తిరుగుతాను. వాళ్ళంతా మోకాళ్ళ గురించి కష్టసుఖాలు చెప్పుకుంటుంటే, నా వంతు వచ్చేసరికి చెప్పడానికేమీ లేక తెల్లమొహం వేస్తాను. అయినా సరే, ఇండియా వెళ్ళినప్పుడల్లా, తిరిగి వచ్చినప్పుడల్లా ఎయిర్‌పోర్టుల్లో నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోస్తారు. మా అమ్మాయి శిరీష టికెట్ బుక్ చేసేటప్పుడే ఆ కుర్చీ కూడా అడిగేస్తుంది. అమెరికాకి వచ్చిపోయే తెలుగు తల్లిదండ్రుల్లో సగం మందికి ఇదే యోగం. నడవలేరని కాదు, దారి తప్పిపోతారని. కుర్చీ ఎక్కితే వెనకాల తోసే మనిషి ఉంటారు, ఆ మనిషి తీసుకెళ్ళి సరైన గేటు దగ్గర దించుతారు, పిల్లలు ఇక్కడ నిశ్చింతగా నిద్రపోతారు. "అమ్మా, కుర్చీలోంచి మాత్రం లేవకు. లేచి నడిచావంటే నీకు అక్కర్లేదనుకుని ఇంకెవరికో ఇచ్చేస్తారు" అని శిరీష ప్రతిసారీ హెచ్చరిస్తుంది. బాత్రూమ్‌కి వెళ్ళినా కొంచెం కుంటుతూ వెళ్ళమంటుంది. నేను కుంటడం నేర్చుకున్నాను కూడా. కాకపోతే పోయేటప్పుడు ఏ కాలు కుంటానో వచ్చేటప్పటికి మర్చిపోతుంటాను.

మొన్న హైదరాబాద్ నుంచి వస్తూ ఆమ్‌స్టర్‌డామ్‌లో విమానం మారాల్సి వచ్చింది. మామూలుగా అయితే ఒక గేటు నుంచి ఇంకో గేటుకి తోయడానికే సరిపోయేంత వ్యవధి ఉంటుంది. ఈసారి ఏదో టైమింగ్స్ మారి, మధ్యలో పూట పైనే దొరికింది. ఆజానుబాహువైన ఒక డచ్చి అమ్మాయి నన్ను తోసుకొచ్చి, కుర్చీలన్నీ వరసగా పెట్టిన ఒక హాల్లో ఆపి, విమానం టైముకి వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. నా పక్క కుర్చీలో మంకీ క్యాప్ పెట్టుకున్న ఒక పెద్దాయన గుర్రు పెడుతున్నాడు. ఎదురుగా అద్దం, అద్దం అవతల మంచి ఎండ. పైన వేలాడే బోర్డు మీద రైలు బొమ్మ, కిందకి బాణం గుర్తు. ఎయిర్‌పోర్టు కిందే రైలు ఎక్కి ఊళ్ళో దిగొచ్చన్నమాట. నా సంచీలో అమెరికా వాళ్ళ నీలం పాస్‌పోర్టు ఉంది, దానికి ఆ దేశంలో వీసా అక్కర్లేదు. ఎడిసన్‌లో ఇంకా తెల్లవారలేదు. ఈ ముక్కలన్నీ ఒకదాని వెనక ఒకటి నా బుర్రలోకి వచ్చి కూర్చున్నాయి. నాకు అరవై దాటి చాలా ఏళ్ళయింది. పాతికేళ్ళు బళ్ళో పిల్లలకి లెక్కలు చెప్పాను. బడికి, బజారుకి, బ్యాంకుకి ఒక్కదాన్నే వెళ్ళిన మాట నిజమే. కానీ ఏ పనీ లేకుండా, ఎవరి కోసమూ కాకుండా, ఒక్కదాన్నే ఎక్కడికీ వెళ్ళి ఎరగను. ఎందుకంటే నేను పుట్టిందే తోడు వెళ్ళడానికి.

అది చెప్పాలంటే మా ఏలూరు ఇంటికి వెళ్ళాలి. పవర్‌పేటలో ఉండేవాళ్ళం. ఏ రోజు లెక్కపెట్టినా పదిహేను మందికి తక్కువ తేలేవాళ్ళం కాదు. ఆ ఇంట్లో ఆడపిల్ల ఒక్కతే గుమ్మం దాటకూడదన్నది మా నాయనమ్మ పెట్టిన చట్టం. పెళ్ళయినా కాకపోయినా అంతే, ఇరవయ్యేళ్ళున్నా నలభయ్యేళ్ళున్నా అంతే, పక్కన ఎవరో ఒకరు ఉండాలి. ఆ ఎవరో ఎవరన్నదాని గురించి మాత్రం నాయనమ్మకి పట్టింపు లేదు. ముందు పళ్ళూడిపోయి, పరికిణీ బొందు ముడెయ్యడం కూడా సరిగ్గా రాని ఏడేళ్ళ నేను సరిపోయేదాన్ని. దారిలో ఏదైనా ఆపద వస్తే నేనేం చేస్తానని వాళ్ళనుకున్నారో నాకిప్పటికీ తెలీదు. బహుశా గట్టిగా ఏడుస్తాననేమో, ఆ విద్యలో నాకు మంచి పేరుండేది. అమ్మ ఆస్పత్రికి వెళ్ళినా నేనే, పెద్దమ్మ పురాణానికి వెళ్ళినా నేనే. ఆఖరికి ఎదురింటివాళ్ళు కూడా "మీ చిట్టిని ఒకసారి పంపుతారా, మా కోడలు టైలర్ దగ్గరికి వెళ్ళాలి" అని అడిగి పట్టుకుపోయేవాళ్ళు. దానికి ప్రతిఫలంగా జీళ్ళో, నిమ్మతొనలో ముట్టేవి. తిరిగొచ్చాక నాయనమ్మ పెట్టే పరీక్ష ఒకటుండేది: ఎటు నుంచి వెళ్ళారు, ఎవరు ఎదురుపడ్డారు, ఏం మాట్లాడుకున్నారు. నేను ఒక్క ముక్క పొల్లుపోకుండా అప్పజెప్పేదాన్ని. అందుకే నా ఉద్యోగం అంత గట్టిగా నిలిచింది.

అందరికంటే ఎక్కువగా నేను తోడు వెళ్ళింది మా మేనత్తకి. రాజ్యం అత్తయ్య నాన్నకి ఆఖరి చెల్లెలు. స్కూలు ఫైనలు పాసై, సంబంధాలు చూస్తుండగా ఇంట్లో ఉండేది. ఉండేది అన్నానే గానీ, ఆ ఇంట్లో ఆవిడకి ఒక్కతే ఉండడానికి చోటంటూ ఉండేది కాదు. రాత్రి అటొక పిల్ల ఇటొక పిల్ల మధ్య పడుకునేది. పొద్దున లేస్తూనే బొగ్గుల కుంపటి విసురుతూ వదినల మధ్య కూర్చునేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో అందరికీ కాస్త కునుకు పట్టే వేళ కూడా నాయనమ్మ అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తూ ఆవిణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, పక్కింటివాళ్ళ కూతురి పెళ్ళిచూపుల కథంతా మొదటినుంచీ చెప్పేది. మూడింటికి పెరట్లో కాఫీ గింజలు వేయించే వాసన లేచేది, తాతయ్య పొడుం పీల్చి ఒక్కసారి తుమ్మితే నిద్రపోయేవాళ్ళందరూ లేచేవాళ్ళు, మళ్ళీ సందడి మొదలు. దొడ్లోకి వెళ్ళినా వెనకాల ఎవరో ఒకరు "అత్తయ్యా, ఎంతసేపు?" అని పిలుస్తూ ఉండేవారు. ఇప్పుడు తల్చుకుంటే ఆ సందడి మీద నాకు ప్రేమ పుట్టుకొస్తుంది. అయితే నాకు పుట్టే ప్రేమ వేరు, ఆవిడ అందులో ఊపిరాడక కూర్చోవడం వేరు.

అత్తయ్యకి కుట్లు అల్లికలు బాగా వచ్చు. దిండు గలీబుల మీద చిలకలు కుట్టేది. ఆ చిలకల కోసం వారానికోసారి చిలకాకుపచ్చ దారం అయిపోయేది. దారం కొనాలంటే కాలవ వంతెన అవతల కాంతమ్మగారింటికి వెళ్ళాలి. ఆవిడ వీధి గదిలోనే దారాలు, గుండీలు, లేసులు పెట్టుకుని అమ్మేది. అత్తయ్య ఎప్పుడూ ఒక్క లచ్చి మాత్రమే కొనేది. నాలుగు ఒకేసారి కొంటే నాలుగు వారాలు ఇంట్లోనే కూర్చోవాలి కదా. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళ తరవాత వెలిగింది. నాయనమ్మకి ఎప్పటికీ వెలగలేదు. "ఈ చిలకల రెక్కలకి ఎంత దారం పడుతుందే!" అని ఆశ్చర్యపోతూ పంపించేది.

కాంతమ్మగారింటికి చేరగానే అత్తయ్య నన్ను వీధిగదిలో బల్ల మీద కూర్చోబెట్టి, ఒళ్ళో గుప్పెడు బఠాణీలు పోయించి, "ఇక్కడే ఉండు చిట్టీ, ఇప్పుడే వస్తా" అని వెళ్ళిపోయేది. కాంతమ్మగారు ఏమీ అడిగేది కాదు. నాకు గుండీల డబ్బా ఇచ్చి, రంగులవారీగా వేరు చెయ్యమనేది. బఠాణీలు అయిపోయి, గుండీలు అయిపోయి, నాకు ఏడుపు ముంచుకొచ్చే వేళకి అత్తయ్య వచ్చేది. మొహం కడిగినట్టు ఉండేది. చెప్పుల్లో గట్టు మట్టి ఉండేది. దారిలో నాతో కబుర్లు చెబుతూ, కథలు చెబుతూ నడిచేది. ఇంటికి రాగానే నాయనమ్మ "ఎక్కడికెళ్ళారే?" అంటే "దారాల కొట్టుకి" అనేదాన్ని. అది నిజమేగా.

అయితే నాకు అనుమానం రాకుండా ఉంటుందా? ఎదురింటి కోడలికి తోడుగా ఎన్నో సినిమాలు చూసి ఉన్నాను. అత్తయ్య తప్పకుండా ఎవరినో కలుసుకుంటోంది. అతనికి మీసాలుంటాయి, సైకిలుంటుంది, చేతిలో పుస్తకం ఉంటుంది. ఒకరోజు ఇక ఆగలేక, కాంతమ్మగారు లోపలికి వెళ్ళగానే బల్ల దిగి అత్తయ్య వెనకాలే బయల్దేరాను. ఆవిడ వంతెన దిగి కాలవ గట్టు పట్టింది. నేను చెట్ల చాటున దాక్కుంటూ వెళ్ళాను. ఆవిడ చేతులు రెండూ వదిలేసి ఊపుకుంటూ నడుస్తోంది. అది చూసి నోరు తెరిచాను. మా ఇంట్లో ఆడవాళ్ళు చేతులు ఊపుకుంటూ నడవగా నేనెప్పుడూ చూడలేదు, వాళ్ళ చేతిలో ఎప్పుడూ బిందో, సంచో, ఎవరి పిల్లో ఉండేది. గట్టు మీద ఒకచోట ఆగి, వేరుశనక్కాయలు వలుచుకు తింటూ, ధాన్యం పడవలు పోతుంటే చూసింది. ఎవరూ రాలేదు. మీసాల వాడు రాలేదు, సైకిలు రాలేదు. కాసేపు చూసి, కొంగుతో మూతి తుడుచుకుని వెనక్కి తిరిగింది. నేను పరుగెత్తుకొచ్చి బల్ల మీద కూర్చున్నాను. అంత ఆశాభంగం నాకు చిన్నతనంలో మళ్ళీ ఎదురవలేదు. ఇంతేనా? ఈ మాత్రానికా నన్ను గుండీలతో కూర్చోబెట్టింది?

ఆ తరవాత అత్తయ్యకి పెళ్ళయింది, నాకూ అయింది. నేను కూతురికి, మనవలకి తోడయ్యాను. మా వారు పోయాక శిరీష దగ్గరికి వచ్చేశాను. ఇక్కడ ఒంటరితనం గురించి నా ఈడు వాళ్ళు చాలా చెబుతుంటారు గానీ, ఎడిసన్‌లో నన్ను ఒక్కదాన్ని ఎక్కడ ఉండనిచ్చారు కనక! కారు లేనిదే కరివేపాకు కూడా దొరకదు, మనవాళ్ళ కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డుకి వెళ్ళాలంటే ఎవరో ఒకరు దించాలి, దించినవాళ్ళు పక్కనే ఉంటారు. నా ఫోనులో శిరీష ఏదో పెట్టింది, నేను ఎక్కడున్నదీ మ్యాపులో దానికి చుక్కలా కనిపిస్తుంది. నాయనమ్మ పరీక్ష పెట్టి తెలుసుకునేది, ఇది అడగకుండానే తెలుసుకుంటుంది. ఇద్దరిదీ ప్రేమే. నాకందులో సందేహం లేదు.

ఈసారి ఏలూరు వెళ్ళి అత్తయ్యని చూసొచ్చాను. ఎనభై దగ్గర పడ్డాయి. కొడుకు మురళి దగ్గర ఫ్లాట్‌లో ఉంటోంది. మురళి బంగారంలాంటివాడు, తల్లిని కళ్ళలో పెట్టుకు చూసుకుంటాడు. ఎంతగా అంటే టీవీ పైన కెమెరా పెట్టించి ఆఫీసు నుంచి కూడా చూస్తుంటాడు. ఆవిణ్ణి చూసుకోవడానికి పెట్టిన అమ్మాయి పగలూ రాత్రీ పక్కనే ఉంటుంది. కాఫీ తాగుతుండగా నేను ఇన్నేళ్ళ ప్రశ్న అడిగేశాను.

"అత్తయ్యా, కాంతమ్మగారింట్లో నన్ను కూర్చోబెట్టి గట్టు మీదకి పోయేదానివి కదా, ఎందుకు?"

ఆవిడ కెమెరా వంక చూసింది, ఆ అమ్మాయి వంక చూసింది, నా వంక చూసి కిసుక్కున నవ్వింది.

"నువ్వొకసారి వెనకాల వచ్చావని నాకు తెలుసే. నీ పట్టీల చప్పుడు వినపడలేదనుకున్నావా? ఆ వారం ఆ కాసేపు కూడా నాకు మిగలకుండా చేశావు."

"అది సరే, ఎందుకెళ్ళేదానివి మరి?"

"ఎందుకేమిటే? ఊరికే."

ఈలోగా ఆ అమ్మాయి మాత్రలూ మంచినీళ్ళూ తెచ్చింది. మురళి కెమెరాలోంచి "అమ్మా, బీపీ మాత్ర ముందు" అన్నాడు. నా ప్రశ్న అక్కడే ఆగిపోయింది. ఊరికే అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. లెక్కల టీచర్ని, జవాబు లేకుండా మిగిలిపోయేవి నాకు పడవు.

అదీ సంగతి. ఆమ్‌స్టర్‌డామ్ ఎయిర్‌పోర్టులో, గుర్రు పెడుతున్న పెద్దాయన పక్కన కూర్చుని నేను ఆలోచించింది ఇదంతా. ఆ డచ్చి అమ్మాయి ఇంకెవరినో తోసుకుంటూ అటుగా వస్తే చెయ్యెత్తి ఆపాను.

"ఐ వాంట్ టు గో అవుట్‌సైడ్" అన్నాను.

"టాయిలెట్?"

"నో. ఆమ్‌స్టర్‌డామ్."

అని లేచి నిలబడ్డాను. కుంటడం గుర్తు రాలేదు. ఆ పిల్ల నా కాళ్ళ వంక ఒకసారి, మొహం వంక ఒకసారి చూసి, గట్టిగా నవ్వేసింది. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి గానీ మళ్ళీ కూర్చోలేదు. పాస్‌పోర్టు ఎక్కడ చూపించాలో, ఎన్నింటికల్లా తిరిగి రావాలో ఓపిగ్గా చెప్పింది. రైలు ఎక్కాను. టికెట్ మిషను దగ్గర ఒకావిడ సాయం చేసింది. రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఇప్పటికైనా వెనక్కి వెళ్ళిపోదామా అని రెండుసార్లు అనుకున్నాను. అనుకుంటుండగానే ఊరొచ్చేసింది.

స్టేషన్ బయటికి వచ్చి నిలబడ్డాను. ఎటు వెళ్ళాలి? జీవితంలో మొదటిసారి ఈ ప్రశ్నకి జవాబు ఎవరి దగ్గరా లేదు. ఏదీ చూడనక్కర్లేదు, ఎవరికీ చూపించనక్కర్లేదు. నా కాళ్ళు ఎటు తిరిగితే అటు నడిచాను. ఊరంతా కాలవలు, కాలవల మీద చిన్న చిన్న వంతెనలు, సైకిళ్ళు మహా దూకుడుగా పోతున్నాయి. వాటి దారిలో నిలబడ్డానని ఒకావిడ బెల్లు కొట్టి ఏదో తిట్టింది. పొద్దున్నే ఎవరైనా తిడితే నాకు మనసు పాడైపోతుంది, ఆ రోజు మాత్రం ఏమీ కాలేదు. ఒకచోట మధ్యలో పాకం పెట్టిన గుండ్రటి పల్చటి బిస్కెట్టు వేడివేడిగా కాల్చి ఇస్తుంటే కొనుక్కున్నాను. కాలవ పక్కన బెంచీ మీద కూర్చుని సగం తుంచి అలవాటుగా పక్కకి చెయ్యి చాపాను. పక్కన ఎవరూ లేరు. కాసేపు ఆ సగం ముక్క వంక చూసి, అదీ నేనే తిన్నాను. చెప్పుకుంటే చిన్న సంగతి. కానీ నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. ఎంత సంతోషం వేసిందంటే, అక్కడ కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను.

సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. శిరీష. నీళ్ళు తాగడానికి లేచి, అలవాటుగా ఫోను చూసిందట.

"అమ్మా! నీ లొకేషన్ ఏంటి కెనాల్ మధ్యలో చూపిస్తోంది? ఫోన్ ఎవరైనా కొట్టేశారా?"

"లేదమ్మా, నేనే. ఊరు చూద్దామని వచ్చాను."

"ఎవరితో?"

"ఎవరితోనూ కాదు."

అవతల నుంచి మాటలు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. "ఒక్కదానివే వెళ్ళావా? ఓ మై గాడ్ అమ్మా, ఫ్లైట్ మిస్ అయితే? కళ్ళు తిరిగితే? అక్కడే కూర్చో, కదలకు. మా ఆఫీస్‌లో స్వాతి వాళ్ళ కజిన్ ఆమ్‌స్టర్‌డామ్‌లోనే ఉంటుంది. తనకి కాల్ చేస్తా. నీ లొకేషన్ షేర్ చేశానంటే పది నిమిషాల్లో వచ్చేస్తుంది. ఊరంతా చూపించి, లంచ్ పెట్టి, తనే ఎయిర్‌పోర్ట్‌లో డ్రాప్ చేస్తుంది."

ప్రపంచంలో ఏ ఊళ్ళో దిగినా మనవాళ్ళకి ఒక కజిన్ దొరుకుతుంది. ఆ పిల్ల మంచిదే అయ్యుంటుంది. ఆంటీ అంటూ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది, పప్పన్నం పెడుతుంది. మామూలు రోజైతే నాకు ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు మాత్రం ఎవరో వచ్చి నా చేతిలోది లాక్కుంటున్నట్టు అనిపించింది.

"వద్దు" అన్నాను.

"వద్దంటే ఏంటమ్మా? నీకు బోర్ కొట్టదా? ఒక్కదానివే ఏం చేస్తావక్కడ?"

"ఏం చెయ్యను. శిరీషా, ఎవరినీ పంపకు. టైముకి కుర్చీలో ఉంటాను. నువ్వు పడుకో."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అది ఇంకా ఏదో అంటుండగానే పెట్టేశాను. పెట్టేశాక కంగారు మొదలైంది. కూతురిమీద విసుక్కున్నానా? పిల్ల నిద్ర పాడుచేశానా? దానికి నచ్చజెబుదామంటే ఏమని చెప్పను? ఈ పూట నాకు ఎందుకింతగా కావాలో చెబితే అర్థం చేసుకునే మనిషి భూమ్మీద ఒక్కరే కనిపించారు. అక్కడ మధ్యాహ్న భోజనాలై ఉంటాయి. ఏలూరు నంబరు నొక్కాను.

"అత్తయ్యా, నేను, చిట్టిని."

"ఇల్లు చేరావుటే?"

"లేదు, మధ్యలో ఆగాను. ఆమ్‌స్టర్‌డామ్ అని, ఊరంతా కాలవలే. బయటికొచ్చి గట్టు పక్కన కూర్చున్నాను."

"పక్కన ఎవరున్నారు?"

ఆవిడా అదే అడిగింది. నాకు నీరసం వచ్చింది.

"ఎవరూ లేరు."

"ఆ తోసే మనిషో?"

"లేదు అత్తయ్యా. ఒక్కదాన్నే."

అవతల నుంచి టీవీ చప్పుడు వినిపిస్తోంది. ఆవిణ్ణి చూసుకునే అమ్మాయి "ఎవరమ్మా ఫోన్లో?" అంటోంది. అత్తయ్య జాగ్రత్తలు చెబుతుందేమోనని ఎదురుచూశాను.

"మళ్ళీ విమానం ఎప్పుడు?" అంది అత్తయ్య మెల్లగా.

"ఇంకా చాలా టైముంది."

"అయితే నాతో కబుర్లేంటే పిచ్చిమొహమా! పెట్టెయ్."

నేను పెట్టేలోపే ఆవిడే పెట్టేసింది.